వెనకాల ఉన్నదాన్ని ఉండనివ్వండి బాబూ!

మీ ఆఫీసులో కూడా ఏడాదికోసారి ఫోటోల పోటీ పెట్టే ఉంటారు. మా దాంట్లో 2023 అక్టోబరులో పెట్టారు. అంశం: మీ పెంపుడు జంతువు. నేనూ ఒకటి పంపాను. మైపాడు దగ్గర మా తాత రొయ్యల గుంటకి కాపలా కాసే కుక్క, పేరు పులిగాడు. మట్టిరంగు ఒంటి మీద నల్ల చారలుంటాయి కాబట్టి ఆ పేరు, అంతకు మించి పౌరుషమేమీ లేదు. రెండ్రోజుల్లో జ్యూరీ దగ్గర్నుంచి (అంటే పక్క టీములో పెద్ద కెమెరాలున్న ముగ్గురు) మెయిలొచ్చింది. కుక్క బావుంది, బ్యాక్‌గ్రౌండ్ డిస్ట్రాక్టింగ్‌గా ఉంది, క్లీన్ చేసి మళ్ళీ పంపండి అని.

ఏమిటయ్యా అంత డిస్ట్రాక్షన్ అని ఫోటో తెరిచి చూశా. వెనక నీలం వల కుప్ప. ఇంజను షెడ్డు, దాని రేకు మీద ఆరేసిన తాత పంచె. పక్కన నులక మంచం, మంచం కోడు పక్కన తాత కాలు, మోకాలి దాకా. దూరంగా గుంటలో ఏరేటరు తిరుగుతూ తెల్లటి నురగ. కుక్క కుడి చెవి మీదుగా ఓ నైలాను తాడు.

సరే, మనం ఇంజినీర్లం కదా. టూల్ ఉంటే వాడకుండా ఉండలేని జబ్బు మనది. ఆ ఏడాదే ఫోటోషాప్‌లో జెనరేటివ్ ఫిల్ వచ్చింది. కుక్కని వదిలేసి మిగతా అంతా సెలెక్ట్ చేసి, పచ్చిక బయలు కావాలని టైపు చేశా. పావుగంట పని. వల లేదు, షెడ్డు లేదు, పంచె లేదు, తాత కాలు లేదు. పులిగాడు ఏదో ఇంగ్లండు పార్కులో దొరబాబులా కూర్చున్నాడు. మూడో బహుమతి ఇచ్చారు. ఓ కాఫీ మగ్గు, దాని మీద అదే ఫోటో.

దీపావళికి ఊరెళ్ళినప్పుడు ఆ మగ్గు తాత చేతిలో పెట్టా. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, తిప్పి తిప్పి చూసి, "ఇదెవురి కుక్క రా అబ్బయా?" అన్నాడు.

"మన పులిగాడే తాతా."

"పులిగాడు పచ్చగడ్డిలో యాడ కూసున్నాడు? మన కాడ పచ్చగడ్డి యాడుండాది? చెవి కూడా వాడిది కాదే!"

చెవి సంగతి నేను చూసుకోలేదు సుమండీ. పులిగాడి కుడి చెవి కొసన ఓ ముక్క లేదు, చిన్నప్పటి కొట్లాటలో పోయింది. తాడు తీసేద్దామని సెలెక్షన్ కాస్త లోపలికి లాగా కదా, ఆ సాఫ్ట్‌వేరు మహాతల్లి "అయ్యో పాపం" అనుకుని చెవిని పూర్తి చేసి పెట్టింది. చక్కగా, గుండ్రంగా.

అప్పుడు నవ్వేశా. నెల తిరక్కుండానే ఆ నవ్వు పోయింది, ఆ సంగతికి తర్వాత వస్తా. ముందు ఈ డిస్ట్రాక్షన్ అనే మాట సంగతి తేల్చాలి.

ఎవరి దృష్టి మళ్ళుతోందండీ? ఎటు మళ్ళుతోంది? వల చూస్తే నా దృష్టి మళ్ళదు. మైపాడులో పుట్టినవాడికి వల కనపడటం అంటే హైదరాబాదువాడికి ఫ్లైఓవర్ కనపడటం లాంటిది. ఆ వల "అడ్డం" అని ఎవరికి అనిపిస్తుందీ అంటే, కుక్క అనగానే సోఫా, కార్పెట్టు, లాన్ గుర్తొచ్చేవాళ్ళకి. మనలో ఎంతమందికి లాన్ ఉంది? నేనుండే కొండాపూర్ అపార్ట్‌మెంటులో ఉన్న పదడుగుల గడ్డి మీద "నడవరాదు" అని బోర్డుంది. అయినా మన కుక్కని చూపించాలంటే మాత్రం ఆ గడ్డే కావాలి. సోఫా వెనక ఉంటే అది యాంబియెన్స్, నులక మంచం వెనక ఉంటే చెత్త. ఈ తేడా కెమెరాకి తెలీదు, మనమే నేర్పుతున్నాం.

నేర్పడం అంటే ఉత్తినే అనలేదు. రోజూ ఆఫీసుకి పోతూ గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ జంక్షన్‌లో ఇరుక్కుంటాను, మీలోనూ చాలామంది ఇరుక్కునే ఉంటారు. ఆ గోడ అవతల ఉన్న సంస్థకీ, నా మగ్గు మీది పచ్చికకీ దూరపు చుట్టరికం ఉంది. టెన్సర్‌ఫ్లోలో ఇమేజ్ సెగ్మెంటేషన్ పాఠం చేసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది: దాంట్లో వాడేది ఆక్స్‌ఫర్డ్ ట్రిపుల్ ఐటీ పెట్ డేటాసెట్. ఆ ట్రిపుల్ ఐటీ మన హైదరాబాదుదే. 2012లో ఓంకార్ పార్ఖీ, ఆండ్రియా వెదాల్ది, ఆండ్రూ జిస్సర్మన్, మన సి.వి.జవహర్ గారు కలిసి రాసిన పేపరుతో బయటికొచ్చింది. మొత్తం 37 జాతులు. కుక్కలు 25, పిల్లులు 12, జాతికి సుమారు 200 ఫోటోలు. ప్రతి ఫోటోకీ పిక్సెల్ పిక్సెల్‌కీ లేబులుంటుంది: 1 అంటే జంతువు, 2 అంటే వెనకభాగం, 3 అంటే ఎటూ తేల్చని అంచు.

ఓ ఆదివారం కూర్చుని ఆ 25 కుక్కల పేర్లూ చదివా. సెయింట్ బెర్నార్డ్ ఉంది. మంచుల్లో తిరిగే సమోయెడ్ ఉంది. జపాన్ షీబా ఇను ఉంది. పగ్, పొమెరేనియన్ సరేసరి. మన ఊరకుక్క లేదు. దీనికి వాళ్ళని తప్పు పట్టట్లేదు. ఫోటోలు ఏరుకున్నది క్యాట్‌స్టర్, డాగ్‌స్టర్, ఫ్లికర్ లాంటి చోట్ల నుంచి, గూగుల్ నుంచీ. రొయ్యల గుంట కాడి కుక్కకి డాగ్‌స్టర్‌లో ప్రొఫైల్ ఎవడు పెడతాడు? ఇప్పటి టూల్స్ అన్నీ ఆ ఒక్క డేటా మీదే తయారవలేదని కూడా తెలుసు, కాబట్టి దాని మీద నాకు క్లాసు పీకకండి. నా గొడవంతా ఆ 2 అనే అంకెతో. కుక్క కానిది ఏదైనా ఒకటే లేబులు. చెత్తబుట్టా 2, తాత కాలూ 2. లెక్క కోసం అలా విడగొట్టడంలో తప్పులేదు, కుక్క ఎక్కడుందో కనుక్కోవడానికి అది కావాలి. కానీ లెక్క కోసం గీసిన గీతని మనం విలువ అనుకుంటున్నాం. 2 కాబట్టి పనికిరానిది, పనికిరానిది కాబట్టి తీసెయ్. పైగా ఆ లేబుళ్ళ పేరేమిటి? గ్రౌండ్ ట్రూత్! గ్రౌండు మొత్తం తుడిచేశాక మిగిలేది ఏం ట్రూతో మరి.

జంతువు పేరుకి ఊరు తగిలించి ప్రపంచానికి పంపించిన జిల్లా మాది. నెల్లూరు గొర్రె పేరు వినే ఉంటారు, దేశంలో బాగా పొడుగు గొర్రెల్లో ఒకటి. ఒంగోలు జాతి పశువులు ఓడెక్కి బ్రెజిల్ వెళితే అక్కడ వాటికి స్థిరపడిన పేరు నెలోర్, అంటే మా నెల్లూరే. సముద్రాలు దాటినా బ్యాక్‌గ్రౌండ్ వదల్లేదు చూశారా. ఇక్కడ ఊళ్ళో ఉన్న కుక్కకి మాత్రం మనం ఊరు లేకుండా చేస్తున్నాం.

ఇప్పుడు ఆ నెల తర్వాతి సంగతి. 2023 డిసెంబరు మొదటి వారం, మిచౌంగ్ తుఫాను. తీరం దాటింది 5వ తేదీన బాపట్ల దగ్గరే అయినా, అంతకు ముందు మా తీరాన్ని రాసుకుంటూ పైకి పోయింది. కుండపోత వాన, కరెంటు లేదు, గుంట గట్లు నీళ్ళలో. తాతని బలవంతంగా ఊళ్ళోకి తెచ్చారు. పులిగాడు రాలేదు. వాడికి షెడ్డే ఇల్లు మరి. వాన తగ్గాక వెళ్ళి చూస్తే షెడ్డు రేకులు రెండు లేచిపోయున్నాయి, వాడు లేడు.

తాత నాకు ఫోన్ చేశాడు. ఆయనంతట ఆయన నాకు ఫోన్ చెయ్యడం నాకు గుర్తున్నంతలో మూడోసారి. "అబ్బయా, నీ కాడ వాడి ఫోటోలుండాయి గదా. వాట్సాపులో నలుగురికీ పంపించు."

నా దగ్గర ఏమున్నాయి? అంతకు ముందే కొత్త ఫోను కొన్నా. పాతది ఇచ్చేసే ముందు స్పేస్ లేదని "పనికిరాని" ఫోటోలు ఎగరగొట్టా. ఎడిట్ చేసింది ఉంది కదా, ఒరిజినల్ ఎందుకూ అని అదీ పోయింది. మా టీములో ఎవరైనా మెయిన్ బ్రాంచి మీదకి ఫోర్స్ పుష్ కొడితే అందరికంటే ఎక్కువ అరిచేది నేనే. ఇంట్లో నేను చేసింది అచ్చంగా అదే.

మగ్గు ఫోటోనే పంపా. ఇంకేం చేస్తా? మండలంలో ఉన్న వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. రెండ్రోజుల్లో వచ్చినవి మూడే మూడు ఫోన్లు. ఒకాయన నెల్లూరు నుంచి, మా వీధిలో ఒక లాబ్రడార్ తిరుగుతోంది అదేనేమో చూడండి అన్నాడు. ఇంకొకాయన ఇదేం జాతండీ, ఎంతకి కొన్నారు, పిల్లలుంటే చెప్పండి అన్నాడు. మూడో ఆయన కుక్క ఎంత ఎత్తుంటుందని అడిగాడు. అసలు అడగాల్సిన ప్రశ్న ఆయనొక్కడే అడిగాడు. పచ్చిక మీద కూర్చున్న కుక్క ఎంత ఎత్తో ఎవడు చెప్పగలడు? పక్కన మంచం లేదు, మనిషి కాలు లేదు. చారలైతే మా వైపు సగం కుక్కలకుంటాయి. ఇక మిగిలిన గుర్తు చెవి. దాన్ని నేనే అతికించి పెట్టా.

మా చిన్నమ్మ ఫోనులో దొరికింది ఇంకో ఫోటో. అది కుక్క ఫోటో కాదు. అంతకు ముందు నెల ఇంజను మొరాయిస్తే మెకానిక్‌కి పంపడానికి ఇంజను ఫోటో తీసింది. ఫోటో నిండా నూనె మరకల ఇంజను, బెల్టు, రేకు షెడ్డు, సగం కోసేసినట్టు తాత భుజం. కుడివైపు కింద మూలలో, కాస్త అదిరిపోయి, తెగిన చెవితో పులిగాడు. మన జ్యూరీ లెక్కలో చూస్తే ఆ ఫోటోలో డిస్ట్రాక్షన్ కుక్కే.

అది పంపిన పూటే ఫోనొచ్చింది. చేసింది పట్టపుపాలెంలో ఉండే ఆ ఇంజను మెకానిక్ బావమరిది. కుక్కని చూసి కాదు, షెడ్డుని చూసి గుర్తుపట్టాడు. "ఇది ఫలానా పెద్దాయన గుంట కాడ షెడ్డు గదా, నేనూ వచ్చుండా ఆడికి. ఆ కుక్కేనా? చెవి తెగింది ఒకటి మా పడవల కాడ నాలుగు దినాలుగా తిరగతా ఉండాది. మీ మొదటి ఫోటో కూడా చూసినా. అది ఎవురో టౌనోళ్ళ కుక్కనుకున్నా." తాత బండి వెనక కూర్చుని వెళ్ళి తెచ్చుకున్నాడు. నాలుగు రోజులు చేపలు తిని వాడు కాస్త ఒళ్ళు కూడా చేశాట్ట.

ఆ మెకానిక్ "ఇంజను ఒక్కటీ కనపడేట్టు క్లీన్ చేసి పంపమ్మా" అనుంటే ఏమయ్యేది? నాకు ఆ ప్రశ్న ఇప్పటికీ పోలేదు.

మా పులిగాడి చెవి కొట్లాటలో తెగిందనుకోండి, వీధికుక్కల విషయంలో ఆ కోతకి ఇంకో అర్థం కూడా ఉంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేశాక గుర్తుగా చెవి కొస కత్తిరిస్తారు. 2001 నాటి కేంద్ర నిబంధనల్లోనే ఉంది, వాటి స్థానంలో 2023లో కొత్తవి వచ్చినా ఆ గుర్తు పోలేదు. వీధి కుక్కని దత్తత ఇవ్వాలని పెట్టే ఫోటోలో అందం కోసం ఆ చెవి సరిచేస్తే, ఆపరేషన్ అయిన కుక్కని కానట్టు చూపిస్తున్నారన్నమాట.

ఈ కథంతా మా స్నేహితుడికి చెప్తే వాడు (వాడూ ఆ జ్యూరీలో ఒకడే) రెండు వాదనలు తెచ్చాడు. మొదటిది తోడేలు కథ. 2016లో రిబెరో, సింగ్, గెస్ట్రిన్ రాసిన పేపర్లో ఉంటుంది: తోడేళ్ళ ఫోటోలన్నిటి వెనకా మంచు ఉండేట్టు కావాలనే ఏరి ఒక మోడల్‌కి నేర్పారు, అది తోడేలుని కాక మంచుని చూసి తోడేలు అని చెప్పడం మొదలెట్టింది. "చూశావా, బ్యాక్‌గ్రౌండ్ మోసం చేస్తుంది" అంటాడు వీడు. ఒరే నాయనా, వెనకున్న దానికి అంత బలం ఉందని ఆ కథే చెప్తోంది కదరా. మంచు పెడితే హస్కీ తోడేలైపోయినట్టు, లాన్ పెడితే పులిగాడు లాబ్రడార్ అయిపోయాడు. మోసం చేసింది మంచో గడ్డో కాదు, ఏరినవాడు. ఇక్కడ ఏరినవాణ్ణి నేను.

రెండోది కాస్త బలమైనదే. షెల్టర్లో కుక్కల ఫోటోల్లో వెనక కటకటాలు, పెంట, విరిగిన గిన్నెలు కనపడితే ఎవరూ తీసుకుపోరు, శుభ్రమైన ఫోటో వల్ల ఓ కుక్కకి ఇల్లు దొరికితే నీకేం నొప్పి అన్నాడు. నొప్పేం లేదు. పెంట ఎత్తేసి ఫోటో తియ్యమంటా. గిన్నె చేత్తో పక్కకి జరిపితే అయ్యే పనికి జీపీయూ ఎందుకు? కుక్కని బయటికి తెచ్చి, ఒక మనిషి పక్కన కూర్చోబెట్టి తీస్తే ఎంత ఎత్తుందో, మనుషులతో ఎలా ఉంటుందో కూడా తెలుస్తుంది. లేని లాన్ చూసి తీసుకెళ్ళినవాడు ఇంటికెళ్ళాక ఫోటోలో కుక్క వేరే అనుకుంటే మళ్ళీ వదిలేసేది రోడ్డు మీదే.

వెనక పక్కింటి పిల్లల మొహాలు పడ్డాయా, బండి నంబరు, ఇంటి నంబరు పడ్డాయా, చెరిపేయండి. నేనూ చెరుపుతా. లెన్సు మీది దుమ్ము మచ్చలకీ నా అభ్యంతరం లేదు. కాపీ మీద చెయ్యండి, అంతే.

అసలు ఈ క్లీన్ పిచ్చి మనకి ఎప్పుడు పట్టింది? మా అమ్మా నాన్నల పెళ్ళయిన కొత్తలో నెల్లూరు స్టూడియోలో దిగిన ఫోటో ఉంది. వెనక తెర మీద పూలతోట, మెట్లు, ఓ హంస. మనవాళ్ళు డబ్బులిచ్చి మరీ బ్యాక్‌గ్రౌండ్ కొనుక్కున్న రోజులవి! అదీ అబద్ధమే, ఒప్పుకుంటా. కానీ ఆ హంసని చూసి ఎవడూ మోసపోలేదు. తెర అంచు దగ్గర స్టూడియో గచ్చు కనపడుతూనే ఉంటుంది.

కుక్కల ఫోటోలంటే ప్రపంచంలో ముందు చెప్పుకోవాల్సిన పేరు ఎలియట్ ఎర్విట్, 2023లోనే పోయాడు. ఆయన 1974లో న్యూయార్కులో తీసిన ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు. కింద టోపీ పెట్టుకున్న బుల్లి చివావా, పక్కన ఒకావిడ బూట్లు, ఆ పక్కన రెండు పొడుగాటి కాళ్ళు. కాసేపు చూస్తేగానీ అవి ఓ పెద్ద గ్రేట్ డేన్ ముందు కాళ్ళని తెలీదు. మా జ్యూరీకి పంపుంటే ఏమనేవాళ్ళు? చివావా బావుంది, కాళ్ళు డిస్ట్రాక్టింగ్‌గా ఉన్నాయి, తీసేసి పంపండి.

గజిబిజిగా ఉన్నా పర్లేదు అని నేననట్లేదు. కుక్క తలలోంచి కరెంటు స్తంభం మొలిచినట్టుంటే నాకూ చిరాకే. కానీ దానికి మందు రెండడుగులు పక్కకి జరగడం. చాలామంది నిలబడి కుక్క నడినెత్తి మీదకి ఫోటో తీస్తారు, అప్పుడు వెనక నేల మీదున్న ప్రతి చెప్పూ పడుతుంది. కుక్క కళ్ళ ఎత్తుకి కూర్చోండి, సగం గోల అక్కడే పోతుంది. కుక్కని గోడకి ఆనించకుండా నాలుగడుగులు ముందుకి పిలవండి, వెనకాలది దానంతటదే మెత్తబడుతుంది. వల వలలాగే తెలుస్తుంది, కానీ మీద పడదు. మా తీరంలో ఇంకో సుఖం ఉంది. పొద్దున సూర్యుడు సముద్రం మీంచి వస్తాడు కాబట్టి, నీళ్ళు వెనక పెట్టి తీస్తే కుక్క నల్లటి బొమ్మైపోతుంది. సాయంత్రం నాలుగున్నర తర్వాత తియ్యండి. ఎండ ఊరి వైపు నుంచి, సరుగుడు తోటల మీంచి వచ్చి కుక్క మొహం మీద పడుతుంది. ముదురు రంగు కుక్కని ఇసుకలో తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ ఓ మెట్టు పెంచుకోండి, లేకపోతే కళ్ళు కనపడవు. సముద్రం గీత మెడ మీదుగా కోసినట్టు పోకుండా కాస్త కిందకి వంగండి. ఇవన్నీ చెయ్యడానికి మీ మోకాళ్ళు నొప్పి పుడతాయేమో గానీ సబ్‌స్క్రిప్షన్ కట్టక్కర్లేదు :)

ఈసారి పోటీ మెయిల్ మొన్న వచ్చింది. నిబంధనల్లో మూడోది అదే: బ్యాక్‌గ్రౌండ్ క్లీన్‌గా ఉండాలి. నేను చిన్నమ్మ తీసిన ఇంజను ఫోటో పంపించా, ఆవిణ్ణి అడిగే లెండి. నిన్న జవాబొచ్చింది, సార్, పొరపాటున వేరే ఫైలు అటాచ్ చేసినట్టున్నారు, ఇందులో పెట్ ఎక్కడుంది అని.

కుడివైపు కింద మూల చూడండి అని రాశా.